గవాచి వెలుగు

మట్టిమిద్దెకు గోడలో కిటికీ ఉండేది కాదు. ఉన్నా, వీధి వైపు ఒక చెయ్యి దూరేంత సందు. ఇంటికి కావాల్సిన వెలుగంతా నెత్తిమీది నుంచి దిగాల్సిందే. రెండు దూలాల నడుమ మూరెడు పొడవు, మూరెడు వెడల్పున మిద్దెలో వదిలిన ఖాళీయే గవాచి. దాని చుట్టూ కాస్త ఎత్తుగా రాతి బద్దలు నిలబెట్టి కట్ట కట్టేవాళ్లు, మిద్దె మీద పారే వాననీళ్లు లోపలికి దిగకుండా. చినుకులు మొదలైతే ఇంట్లో పిల్లాడెవడో పరుగున పైకెక్కి దాన్ని మూయాలి. కొందరికి పలకబండ ఉండేది. మా ఇంట్లో అంచు విరిగిన పాత బాన ఉండేది, బోర్లిస్తే సరిగ్గా సరిపోయేది.

చౌడేపల్లెలో, అటు పుంగనూరు దాకా, ఇటు సోమల, సదుం దాకా, నా చిన్నప్పుడు ఇట్లాంటి మిద్దెలు వీధివీధికీ ఉండేవి. ఇప్పుడు వెతుక్కోవాలి. దొరికినా గవాచి మీద సిమెంటు రేకు కప్పేసి ఉంటుంది, లోపల పగలే ట్యూబులైటు వెలుగుతుంటుంది.

మిద్దె వేయడం చూసినవాళ్లు ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. రాతి కూసాలు పాతి, వాటి మీద దూలం ఎక్కించి, దూలం మీద దంతెలు పరిచేవాళ్లు. దంతెల మీద సన్నకట్టెలు, వాటిమీద కొండలో కోసుకొచ్చిన బందారు కంప దట్టంగా. ఆపైన తొక్కిన మన్ను, అన్నిటికంటే పైన చౌడుమన్ను. చౌడు తడిస్తే బిగుసుకుంటుంది, నీటిని కిందికి పోనివ్వదు, గడ్డిని మొలవనివ్వదు. అందుకే ప్రతి ఏడూ వానలకు ముందే చెరువు పక్కనుంచి బండ్లతో చౌడు తెచ్చి మిద్దె మీద చల్లి, నీళ్లు చిలకరించి, చెక్కతో సాపు చేసి కొట్టేవాళ్లు. ఏ ఏడైనా ఆ పని ఎగ్గొడితే ఆ ఏడు మిద్దె ఉరిసేది. ఉరిసిన చోటల్లా కింద గిన్నెలు పెట్టుకోవడం, రాత్రంతా ఆ గిన్నెల మోత వింటూ పడుకోవడం మా అందరికీ తెలిసిన సంగతే. మట్టిమిద్దెలు చల్లగా ఉండేవని చెప్పుకునే మనం ఆ గిన్నెల సంగతి కూడా చెప్పుకోవాలి.

చల్లగా ఉండేవన్నది మాత్రం నిజం. మూరన్నర మందం గోడ, మూరెడు మందం కప్పు. పొద్దున పడిన ఎండ ఆ మన్నులోంచి లోపలికి చేరేసరికి పొద్దుగూకేది. అప్పటికి బయట గాలి చల్లబడి ఉంటుంది, అందరూ మిద్దె పైకెక్కి చాపలు వేసుకునేవాళ్లు. మదనపల్లె సీమ సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తు. ఎండాకాలంలోనూ తెల్లవారుజామున దుప్పటి కావాల్సి వచ్చే చోటు. పగలు కింద, రాత్రి పైన. ఒకే ఇంటిని మేం రెండు ఇళ్లుగా వాడుకున్నాం.

గవాచిలోంచి దిగే ఎండబిళ్ల పడసాలలో రోజంతా నడిచేది. పొద్దున ఓ జాము దాటాకగానీ నేలను తాకేది కాదు, కప్పు మందం అంతవరకూ ఎండను అడ్డేది. ముందు పడమటి గోడకు ఒక గీతలా కనబడి, మెల్లగా నేలకు దిగి, వెడల్పై, పొద్దు వాలేకొద్దీ తూర్పుకు జరిగి మళ్లీ గీతై పోయేది. మా అవ్వకు గడియారంతో పనిపడింది లేదు. "అబ్బోడా, ఎండ రోలు దాటింది, ఎనుముల్ని నీళ్లకు ఇప్పుకోని పో" అనేది. నేను బయటికెళ్లి నీడ చూసి, ఆమె చెప్పింది సరేనని ఒప్పుకుని కదిలేవాణ్ని.

ఆ బిళ్ల గంటలతోపాటు నెలలు కూడా చెప్పేదని పెద్దయ్యాక లెక్కేసుకుంటేగానీ నాకు పూర్తిగా బోధపడలేదు. చౌడేపల్లె ఉన్నది పదమూడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. ఏడాదిలో రెండుసార్లు, ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఇంకోసారి, మిట్టమధ్యాహ్నం పొద్దు సరిగ్గా మన నడినెత్తికి వస్తుంది. ఆ రోజుల్లో గవాచి వెలుగు ఎటూ ఒరగకుండా దాని కిందే నలుపలకలుగా పడుతుంది. జూన్‌లో పొద్దు ఉత్తరానికి జరిగితే బిళ్ల దక్షిణానికి జరుగుతుంది. పది అడుగుల ఎత్తు మిద్దెలో అయితే రెండడుగులకు కాస్త తక్కువ. డిసెంబరులో ఇటు తిరిగి ఉత్తరానికి ఏడడుగులకు పైగా పోతుంది. పైగా అప్పుడు ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి కప్పు మందం దాన్ని సగానికి పైగా మింగేస్తుంది, నేల మీదికి ఒక సన్నని బద్ద మాత్రమే దిగుతుంది. మా ఇంట్లో ఉత్తరపు గోడకు ఆనించి గరిసె ఉండేది. ఆ బద్ద గరిసె కాలిని ముట్టుకుని, ఇక ముందుకు పోకుండా నాలుగు రోజులు అక్కడే నిలబడి, వెనక్కి మళ్లితే, సంక్రాంతికి ఇల్లు అలకాలని అవ్వ ఎర్రమన్ను నానబోసేది. పంచాంగం చూసేవాళ్లు ఊళ్లో ఉన్నారు. ఆమె మాత్రం గరిసె కాలు చూసేది.

రోము నగరంలో రెండో శతాబ్దంలో కట్టిన పాంథియన్ గుడి ఉంది. దాని గోపురానికి నడినెత్తిన దాదాపు 9 మీటర్ల వెడల్పు కన్నం. దానికి మూతే లేదు, వాన నేరుగా లోపల పడి నేలలో తొలిచిన చిన్న రంధ్రాల గుండా పోతుంది. ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు మా పడసాలే గుర్తొచ్చింది. చక్రవర్తి కట్టించినా రైతు కట్టుకున్నా, వెలుగును ఒకే చోటి నుంచి దింపితే గది మొత్తం దాని చుట్టూ సర్దుకుంటుంది. బియ్యంలో రాళ్లు ఏరేవాళ్లు, సూదిలో దారం ఎక్కించేవాళ్లు, పలక మీద దిద్దుకునేవాళ్లు బిళ్ల పక్కన. పడుకునేవాళ్లు, పాలిచ్చే తల్లులు దానికి దూరంగా. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఎవరి వెలుగు వాళ్లు ఎంచుకునేవాళ్లు.

కాస్త కలిగినవాళ్లవి తొట్టి ఇళ్లు. నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి, దానికి నేల అడుగు లోతున, బండలు పరిచి. నాలుగు కప్పుల వాన ఆ తొట్టిలోనే పడి జాలారి గుండా వీధిలోకి పోయేది. అక్కడ ఎండ బండల మీద పడి, పైకి లేచి, వసారా కప్పు అడుగుభాగాన్ని వెలిగించేది. మనిషి కంట్లో ఎండ పడేది కాదు, మనిషి ముఖం మాత్రం స్పష్టంగా కనబడేది. పెళ్లిచూపులు ఆ వసారాలోనే ఎందుకు జరిపేవాళ్లో ఇప్పుడు తెలుస్తోంది.

మా ఇంటికి అంత లేదు. వీధిలో తిన్నె, లోపల పడసాల, వెనక నాటుపెంకుల వంటిల్లు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరు జెప్పులో పెంకుల కార్ఖానా పెట్టిన తర్వాత ఆ బల్లపెంకు మెల్లగా దేశమంతా పాకింది. దానితోపాటే గాజుతో చేసిన పెంకూ వచ్చింది. మా వంటింటికి మంగళూరు పెంకు రాలేదుగానీ, చిన్నాయన ఎక్కడినుంచో ఒక అద్దం పెంకు తెచ్చి పొయ్యికి పక్కగా నాటుపెంకుల మధ్య ఇరికించాడు. పొయ్యి రాజేసినప్పుడు ఆ అద్దంలోంచి దిగే వెలుగు పొగలో నిలువుగా నిలబడేది. చేత్తో తాకబోతే చెయ్యి మాత్రమే వెలిగేది. అమ్మ సంగటి కెలుకుతూ ఆ వెలుగులోకి వంగినప్పుడు ఆమె కళ్లు పొగకు ఎంత ఎర్రబడ్డాయో కనబడేది. ఆ అద్దం లేనప్పుడు మాకు అది కనబడలేదు.

ఎనభైల్లో మా వైపు పట్టుపురుగులు వచ్చాయి. మదనపల్లె, పలమనేరు, కుప్పం చుట్టూ మల్బరీ తోటలు లేచాయి. వేరే షెడ్డు కట్టే స్తోమత లేని ఇళ్లలో పడసాలే పురుగులిల్లు అయింది. నేను మట్టిమిద్దె విలువ తెలుసుకున్నది అప్పుడే. పట్టుపురుగుకు గట్టి వెలుగు పడదు, కటిక చీకటీ పడదు. వేడి ముదిరినా చస్తుంది, గాలి ఆడకపోయినా చస్తుంది. ఇరవై అయిదు డిగ్రీలకు అటూ ఇటూ, తేమగా, మసక వెలుగులో ఉంటేనే మేత తింటుంది. పట్టు పెంపకం పుస్తకాల్లో రాసిన గదిని మా ముత్తాత ఎప్పుడో కట్టి ఉంచాడు. పురుగుల తట్టలు అటకలా అంచెలంచెలుగా పేర్చేవాళ్లం. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడవడం, దాటాక రాత్రింబగళ్లు ఆకు వేయాలి. చీకట్లో పడుకుంటే వేల నోళ్లు ఆకు కొరుకుతున్న చప్పుడు చెట్ల మీద వాన పడుతున్నట్టే ఉండేది, లేచి గవాచి మూయబోయినవాళ్లు ఉన్నారు.

పురుగు పండాక అసలు సంగతి. ఒళ్లు బంగారు రంగుకు తిరిగి, మేత మాని, తల ఎత్తి తిరుగుతుంటే ఏరి, గూళ్లు కట్టే చంద్రికల మీద వేయాలి. అప్పుడు వెలుగు ఒక పక్కనుంచి పడితే పురుగులన్నీ నీడ వైపుకే పోయి గుంపు కడతాయి, రెండేసి పురుగులు కలిసి ఒకే గూడు కడతాయి. జంటగూళ్ల పోగు సరిగా ఊడిరాదు, ధర పడిపోతుంది. ఒక పంట అట్లాగే సగం పోయింది. తర్వాతి పంటకు అవ్వ గవాచి కింద నాలుగు మూలలకూ తాళ్లు కట్టి పల్చని పాత పంచె ఒకటి పందిరిలా పరిచింది. ఎండబిళ్ల ఆ పంచె మీద పడి ఆగిపోయింది, కింద గదంతా ఒకే తీరున వెలుగు పరుచుకుంది, మూలమూలకూ. చంద్రికల నిండా గూళ్లు సమంగా లేచాయి. బడి మొహం చూడని మనిషి ఆమె. ఈరోజు ఆర్ట్ గ్యాలరీలకు కప్పు కట్టేవాళ్లు తెల్లని తెర వెనక నుంచి వెలుగును ఇట్లాగే పరుస్తారు. ఊజీ ఈగ వచ్చాక ఆ పంచె పైన గవాచికే నైలాన్ వల కట్టాల్సి వచ్చింది. ఈగ పురుగు మీద గుడ్డు పెడితే పంట ఉండదు. వలలోంచి దిగిన వెలుగు ఇంకాస్త మెత్తబడింది.

అంతకుముందు, 1980 ఫిబ్రవరి 16న గ్రహణం పట్టింది. రాయచూరులో, హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాలలో అది సంపూర్ణం. మాకు పాక్షికమే అయినా పొద్దులో చాలా భాగం పోయింది. ఊరంతా తలుపులు వేసుకుంది. కుండల మీద గరిక పెట్టారు, కడుపుతో ఉన్న చిన్నమ్మను చీకటి మూలన కూర్చోబెట్టారు. పిల్లలం వంటింట్లో. అక్కడ కోతులు కదిపిన పెంకుల సందుల్లోంచి మామూలు రోజుల్లో కూడా నేల మీద గుండ్రటి చుక్కలు పడేవి, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దవి. సందు ఏ ఆకారంలో ఉన్నా చుక్క గుండ్రంగానే ఎందుకుంటుందని నేనెప్పుడూ అడగలేదు. మధ్యాహ్నం రెండున్నర దాటాక ఆ చుక్కలన్నీ కొరుక్కుపోవడం మొదలుపెట్టాయి. ఒక్కటి కాదు, నేల మీద, తూర్పు గోడ మీద, దొంతి కుండల మీద, అన్నీ ఒకేసారి, ఒకే వైపు నుంచి. నాలుగు కావొస్తుండగా ఇంటినిండా కొడవళ్లు. చుక్క అంటే సందు ఆకారం కాదని, సూర్యుడి బొమ్మేనని, మేం రోజూ సూర్యుడి బొమ్మల మీద కూర్చునే అన్నం తింటున్నామని చాలా ఏళ్ల తర్వాత భౌతికశాస్త్రం పాఠంలో చదివాను. సన్నని సందులోంచి వచ్చిన వెలుగు తలకిందులైన బొమ్మ కడుతుంది, పిన్‌హోల్ కెమెరా పనిచేసేది కూడా ఆ సూత్రం మీదే. ఆ పూట మాత్రం గ్రహణం చూడకూడదని మమ్మల్ని లోపల వేసి తలుపేసిన అవ్వే, ఆ కొడవళ్ల మధ్య నిలబడి, "బయటికి పోవద్దంటే దేవుడే ఇంట్లోకొచ్చి చూపిస్తా ఉండాడు" అంది. నమస్కారం పెట్టింది. అద్దం పెంకు కింద మాత్రం ఏ కొడవలీ లేదు. అంత పెద్ద సందు బొమ్మ కట్టదు. వెలుగు మసకబారింది, అంతే.

ఇంత ప్రేమగా చెప్పుకుంటున్న ఆ ఇంట్లోకి ఊళ్లో అందరూ రాలేదు. మిద్దెకు కూసాలు చీల్చింది వడ్డెవాళ్లు. ఏటేటా చౌడు తోలి, మిద్దె ఎక్కి కొట్టింది మాలమాదిగ వాడల నుంచి వచ్చిన కూలీలు. వాళ్ల ఇళ్లు బోద కొట్టాలు, వెలుగుకు దారి వాకిలి ఒక్కటే, వంగి దూరాల్సిన వాకిలి. మిద్దె మీద చెక్కతో చౌడు సాపు చేస్తున్న మనిషికి గవాచిలోంచి మా పడసాల మొత్తం కనబడేది, గరిసె, ఉయ్యాల, దేవుడి పటం. వాకిట్లోంచి మాత్రం అతను తిన్నె దాటి లోపలికి రాకూడదు. పైనుంచి చెయ్యి చాపి దించే చెంబులో మజ్జిగ పోసి అందించిన జ్ఞాపకం నాకుంది. ఇంటికి అంత చక్కగా వెలుగు కొలిచి పోసిన తెలివి ఆ కొలతను అక్కడే ఆపేసింది. ఆ మిద్దెలు పోయినందుకు నాకున్న దిగులు అతని మనవళ్లకు ఉండాల్సిన అవసరం లేదు.

చీకటికి ఇంకో లెక్క కూడా ఉంది. మదనపల్లెకు దగ్గర్లో క్షయ రోగుల కోసం పెట్టిన ఆరోగ్యవరం ఆస్పత్రి ఉంది. మిషనరీ సంఘాలు కలిసి 1912లో పూనుకున్నాయి, డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నిలబెట్టాడు. దేశంలో బీసీజీ టీకా మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి, 1948లో. ఆస్పత్రి పెట్టిన కాలానికి క్షయకు మందు లేదు. గాలి, వెలుతురు, విశ్రాంతి, తిండి, ఇవే వైద్యం. అందుకే అట్లాంటి ఆస్పత్రుల్లో కట్టడమే మందు. వార్డుకు పొడుగునా తెరిచిన వసారా, మంచాలు అందులో. ఫిన్లాండులో ఆల్వార్ ఆల్టో 1933 నాటికి పైమియోలో కట్టిన ప్రసిద్ధ ఆస్పత్రి కూడా ఇదే ఆలోచన మీద లేచింది.

అవ్వ తమ్ముడు యవ్వనంలో అక్కడ ఏడాదికి పైగా ఉండి వచ్చాడు. మార్గశిరపు చలిలో కూడా వసారాలోనే పడుకోబెట్టేవాళ్లట, తెల్లారేసరికి దుప్పటి మీద మంచు. బతికి వచ్చాక ఆయన చేసిన మొదటి పని, తను పడుకునే అరకు తూర్పు గోడలో గడ్డపారతో కిటికీ కొట్టడం. గోడ కూలుతుందని పెద్దవాళ్లు గొడవపడ్డారు. దొంగలొస్తారన్నారు. ఆయన వినలేదు. ఆ ఇంట్లో మనిషి ఎత్తున ఉన్న ఒకే ఒక్క కిటికీ అది. పొద్దున పూట ఎండ మంచం దాకా వచ్చేది. ఎప్పుడూ గవాచి కింద కూర్చునే అవ్వ కూడా ఆయన పోయిన తర్వాత రోజూ కాసేపు అక్కడ కూర్చునేది. 1959లో మద్రాసులోని పరిశోధకులు మాత్రలు వేసుకుంటే ఇరుకు ఇళ్లలో ఉన్న రోగులు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్లతో సమానంగా కోలుకుంటున్నారని తేల్చారు. అప్పటినుంచి వసారాల వైద్యానికి పని తగ్గింది. మంచిదే. ఎందరి ప్రాణాలో నిలబడ్డాయి. కానీ మనిషికి పొద్దున ఎండలో మంచం వేయాలని ఒక ఆస్పత్రి తన గోడల్లోనే రాసుకున్న కాలం ఒకటి మన పక్కనే గడిచిందన్నది గుర్తుంచుకోదగ్గది.

తొంభైల్లో మా మిద్దె తీసేశాం. టమాటా డబ్బులు వచ్చాయి, చౌడు కొట్టే మనుషులు వేరే పనులకు పోయారు, ఒక వానాకాలం నడిదూలం వంగింది. కూసాలు పశువుల పాకకు పోయాయి. తలబాగిలి వాకిలిని బెంగళూరు నుంచి వచ్చిన పాతసామాన్ల వ్యాపారి కొనుక్కుపోయాడు. స్లాబు పడింది, నాలుగు వైపులా కిటికీలు పెట్టాం, అన్నీ వెలుగే. మొదటి ఎండాకాలానికే కిటికీలకు కర్టెన్లు వచ్చాయి, రెండో ఏటికి రేకు తలుపులు మూసే ఉంచేవాళ్లం. పగలు ఫ్యాను కింద, లైటు వేసుకుని. అవ్వ అందులో ఆరేళ్లు ఉంది. ఎండ ఎక్కడికొచ్చిందో చెప్పమంటే తడుముకునేది.

మళ్లీ మట్టిమిద్దెలు కట్టుకోమని ఎవరికీ చెప్పను. ఏటా చౌడు కొట్టే ఓపికా, కొట్టించుకునే పెత్తనమూ రెండూ వద్దు. అయితే మిగిలిన ఆ పదీ పరకా కూలిపోయేలోపు ఎవరైనా టేపు పట్టుకుని పోయి కొలిచి, గీసి పెట్టాలి. మదనపల్లెలో, తిరుపతిలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఎంతమంది లేరు? గవాచి వెడల్పు, కప్పు మందం, నేలకు ఎత్తు, పొయ్యికి దూరం, ఏ దిక్కుకు ఏ గోడ. ఈ అయిదూ ఉంటే ఆ ఇంట్లో ఏ నెలలో ఎండ ఎక్కడ పడేదో మళ్లీ కాగితం మీద నడిపించొచ్చు.

పుంగనూరు దారిలో ఒక ముసలి మేస్త్రీని అడిగాను, గవాచి ఎక్కడ పెట్టాలో ఎట్లా తెలిసేదని. ఆయన చేతిలో బీడీ ఆర్పి, నేల మీద పుల్లతో గీశాడు. "దూలం మీద పెట్టగూడదు సామీ, దూలం నానతాది. పొయ్యికి నేరుగా పెట్టగూడదు, వాన పొయ్యిలో పడతాది. వాకిట్లో నిలబడినోడికి కనపడగూడదు, ఇంట్లో ఆడోళ్లు ఉంటారు. ఇంగ మిగిలిన చోటు ఒకటే, దాన్ని ఎవురు కట్టినా ఆడనే పెడతారు." పుల్ల పెట్టి చూపించిన ఆ చోటు మా అవ్వ రోలు ఉన్న చోటే.